రైతుకు చౌక ఆండ్రాయిడ్ ఫోను – లాభనష్టములు

విశాఖపట్నములో ఆకాశవాణి కేంద్రము 1963లో ప్రారంభమైనది. ఆ రోజులలో అనేక గ్రామములలో పంచాయతీ కార్యాలయము ముందు రేడియో ఉండెడిది. సాయంకాలము పొలము నుండి వచ్చిన రైతులు దాని చుట్టూ చేరి వ్యవసాయ కార్యక్రమము, వాతావరణ విశేషములు వినెడివారు. ఆ పెట్టె చెప్పిన మాట ఊరంతయు ఒక్కసారిగా వినెడిది. విన్నది నిజమో కాదో, మన నేలకు సరిపడునో లేదో, ఆ అరుగు మీదనే నలుగురును తర్కించుకొనెడివారు.

నేడు ఆ పని చేయు యంత్రము రైతు చొక్కా జేబులో చేరినది. వాన కబురు, ధర కబురు, ప్రభుత్వపు కబురు, బ్యాంకు కబురు అన్నియు దానిలోనే వచ్చుచున్నవి. అయితే రేడియోకును దీనికిని ఒక పెద్ద భేదము కలదు. ఫోను చెప్పు మాట ఒక్కరికే వినబడును. మంచి మాటయు ఒక్కరికే, మోసపు మాటయు ఒక్కరికే. ఈ భేదమును మరువని రైతుకు చౌక ఫోను మంచి పనిముట్టు. మరచిన రైతుకు అదియే నష్టహేతువు. కాబట్టి ఈ వ్యాసములో చౌక ఆండ్రాయిడ్ ఫోను వలన కలుగు లాభములు, నష్టములు, దాని నిజమైన ఖర్చు, కొనునపుడు చేయవలసిన పరీక్షలు, వాడునపుడు తీసికొనవలసిన జాగ్రత్తలు వివరించుచున్నాము.

ఆండ్రాయిడ్ అనగా ఏమి?

ఫోను పెట్టెను ఒక సంస్థ తయారుచేయును. ఆ పెట్టెచేత పని చేయించు వ్యవస్థ వేరుగా నుండును. గూగుల్ సంస్థ నడుపుచున్న అట్టి వ్యవస్థకే ఆండ్రాయిడ్ అని పేరు. దీనితో తయారైన మొదటి ఫోను 2008లో విపణికి వచ్చినది. ఈ వ్యవస్థను ఏ తయారీదారు అయినను తన ఫోనులో పెట్టుకొనవచ్చును. అందుచేత అనేక సంస్థలు పోటీపడి ఫోనులు చేయుచున్నవి. ధరలు తగ్గుటకు ఇదియొక కారణము.

మన దేశములో చౌక ఫోనుల కొరకు ప్రత్యేక ప్రయత్నములు కూడ జరిగినవి. 2014 సెప్టెంబరులో ఆండ్రాయిడ్ వన్ అను పేర మూడు భారతీయ సంస్థల ఫోనులు 6,399 రూపాయల ధర మొదలుకొని అమ్మకమునకు వచ్చినవి. 2017 డిసెంబరులో తక్కువ శక్తి గల ఫోనుల కొరకు ఆండ్రాయిడ్ గో అను తేలిక రకమును విడుదల చేసిరి. 2016 సెప్టెంబరులో జియో సంస్థ నాలుగవ తరము సేవలను ప్రారంభించిన తరువాత ఇంటర్నెట్ ధర బాగుగా తగ్గినది. 2021 నవంబరులో అదే సంస్థ గూగుల్‌తో కలిసి 6,499 రూపాయలకు ఒక ఫోనును తెచ్చినది. ఆండ్రాయిడ్‌ను నడుపు గూగుల్ సంస్థయే విశాఖపట్నములో పెద్ద డేటా కేంద్రమును నెలకొల్పెదమని 2025 అక్టోబరులో ప్రకటించిన సంగతి పాఠకులకు తెలిసినదే.

ఇక ఫోను వలన రైతునకు కలుగు లాభములను చూతము.

లాభములు

1. వాతావరణ సూచన: మన తీరమునకు తుపానులు క్రొత్త కావు. భారత వాతావరణ శాఖవారి తుపాను హెచ్చరిక కేంద్రము విశాఖపట్నములోనే కలదు. 2019లో ప్రారంభించిన మేఘదూత్ అను యాప్ ద్వారా జిల్లాల వారీగా రాబోవు ఐదు దినముల వాన, గాలి, ఉష్ణోగ్రత వివరములను, వ్యవసాయ సలహాలను పొందవచ్చును. ఈ సలహాలు వారమునకు రెండు మారులు, మంగళవారము, శుక్రవారము వెలువడును. వరి కోసి పనలు వేయుటకు ముందును, మందు చల్లుటకు ముందును, ఎరువు వేయుటకు ముందును ఈ సూచనను చూచుట అలవాటు చేసికొనవలెను. చల్లిన మందు ఆ సాయంకాలమే వానకు కొట్టుకొనిపోయినచో మందు ఖర్చు, కూలి ఖర్చు రెండును వృథా యగును.

పిడుగులను గూర్చి తెలుపు దామిని అను మరియొక యాప్ కలదు. పూనాలోని భారత ఉష్ణప్రాంత వాతావరణ సంస్థవారు దీనిని తయారుచేసిరి. మీరున్న చోటుకు 20 నుండి 40 కిలోమీటర్ల దూరములో పిడుగులు పడుచున్నచో ఇది తెలియజేయును. హెచ్చరిక వచ్చినపుడు చెట్టు క్రింద నిలువరాదు. పొలము విడిచి గట్టి కప్పు గల ఇంటిలోనికి పోవలెను. పిడుగులు పడు సమయమున గోడకు తగిలించి ఛార్జి పెట్టిన ఫోనును చేతబట్టరాదు.

2. పురుగులు, తెగుళ్ళు: చౌక ఫోనులోని కెమెరా కూడ తెగులును చూపుటకు చాలును. అయితే ఫోటో తీయు పద్ధతి తెలియవలెను. చాలమంది గట్టు మీద నిలిచి పొలమంతటికి ఒక ఫోటో తీసి పంపుదురు. దాని వలన ప్రయోజనము లేదు. ఉదాహరణకు వరిలో సుడిదోమ దుబ్బు మొదట, నీటికి కొంచెము పైన చేరి రసము పీల్చును. పైనుండి తీసిన ఫోటోలో అది కనబడదు. దుబ్బులను చేతితో పాయతీసి, మొదళ్ళను దగ్గరగా తీయవలెను. చెరకులో ఎర్రకుళ్ళు తెగులు అనుమానము కలిగినచో గడను నిలువుగా చీల్చి, లోపలి భాగమును తీయవలెను. ఎర్రబడిన కండలో అడ్డముగా తెల్లని మచ్చలుండుట ఈ తెగులు గుర్తు. ఏ పంటకైనను మూడు ఫోటోలు పంపుట మంచిది: మొక్క మొత్తము ఒకటి, ఆకు అడుగు భాగము ఒకటి, తెగులు సోకిన చోటు దగ్గరగా ఒకటి. వానితో బాటు రకము పేరు, నాటిన తేదీ, ఇంతకుముందు చల్లిన మందు తెలుపవలెను. గ్రామ వ్యవసాయ సహాయకునకు గాని, సమీప పరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులకు గాని వీనిని పంపవచ్చును. ఫోటోలు పంపు అవకాశము లేనివారు కిసాన్ కాల్ సెంటరు నంబరు 1800-180-1551కు ఏ ఫోను నుండియైనను మాటాడవచ్చును. దీనికి రుసుము లేదు.

3. ప్రభుత్వ కార్యములు: ఈ-పంటలో పేరు నమోదు కానిదే ధాన్యము కొనుగోలునకు, పంట నష్ట పరిహారమునకు ఇబ్బంది కలుగును. నమోదు చేయువారు గ్రామ సిబ్బందియే అయినను, తన సర్వే నంబరు, విస్తీర్ణము, పంట పేరు సరిగా ఎక్కినవో లేదో చూచుకొనవలసిన బాధ్యత రైతుదే. పి.ఎం. కిసాన్ పథకము 2019లో వచ్చినది. దాని క్రింద సంవత్సరమునకు మూడు వాయిదాలలో ఇచ్చు 6,000 రూపాయలు జమయైనవో లేవో ఫోనులోనే తెలిసికొనవచ్చును. 2023 జూను నుండి దాని యాప్‌లో ముఖమును చూపి ఇ-కె.వై.సి. చేసికొను సౌకర్యము కూడ కలదు. వ్రేలిముద్రలు అరిగిపోయిన వృద్ధ రైతులకు ఇది మేలు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వము మన మిత్ర అను పేర వాట్సాప్ సేవను 161 సేవలతో ప్రారంభించినది. దాని నంబరు 9552300009. కొన్ని ధ్రువపత్రముల కొరకు కార్యాలయము చుట్టూ తిరుగు శ్రమ దీని వలన తగ్గినది.

4. అమ్మకము, చెల్లింపు: మన రాష్ట్రములో రైతుబజారులు 1999 జనవరిలో ప్రారంభమైనవి. నేడు విశాఖపట్నములోని ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార, కంచరపాలెము రైతుబజారులలో కూరలు కొనువారు అనేకులు జేబులో నోటు లేకుండ ఫోనుతోనే వచ్చుచున్నారు. ఉక్కు కర్మాగారపు కార్మికుడైనను, ఓడరేవు ఉద్యోగియైనను ఇరువది రూపాయల కొత్తిమీరకు కూడ ఫోనుతోనే చెల్లించుచున్నాడు. యు.పి.ఐ. అను ఈ చెల్లింపు పద్ధతి 2016లో మొదలైనది. చిల్లర లేదని బేరము పోకుండుట, రాత్రి బస్సులో నగదు మోసికొని పోవలసిన భయము లేకుండుట దీని వలన లాభములు. రోజువారీ అమ్మకములు బ్యాంకు లెక్కలో కనబడుట అప్పు కోరునపుడు కూడ ఉపకరించును.

నష్టములు

చౌక వస్తువులో లోపములుండుట సహజము. లోపము తెలిసి వాడినచో నష్టము తక్కువ.

1. వేగము తక్కువ: ఫోనులో రెండు విధములైన జాగాలు కలవు. ర్యామ్ అనునది కళ్ళము వంటిది. అప్పటికప్పుడు పని జరుగు స్థలము. స్టోరేజి అనునది గాదె వంటిది. సరుకు నిలువయుండు స్థలము. కళ్ళము చిన్నదైనచో గాదె ఎంత పెద్దదైనను పని నడువదు. 2 జి.బి., 3 జి.బి. ర్యామ్ గల ఫోనులు క్రొత్తలో బాగుగనే యుండి, కొంత కాలమునకు యాప్‌లు బరువైన కొలది నత్తనడక నడచును. కొన్ని పెట్టెల మీద ‘8 జి.బి.’ అని పెద్ద అక్షరములలో వ్రాసి, చిన్న అక్షరములలో ‘4+4’ అని వేయుదురు. ఇందులో నిజమైన ర్యామ్ 4 మాత్రమే. మిగిలిన 4 గాదెలో ఒక మూలను కళ్ళముగా లెక్కకట్టుటయే గాని వేరు కాదు.

2. గాదె నిండుట: 64 జి.బి. అని వ్రాసియున్నను అందులో కొంత భాగమును ఫోను వ్యవస్థయే ఆక్రమించును. మిగిలిన జాగాను వాట్సాప్‌లో వచ్చు శుభోదయపు బొమ్మలు, వీడియోలు నింపివేయును. గాదె నిండిన ఫోను ఈ-పంట రసీదు దాచుకొనవలసిన దినముననే జాగా లేదని మొరాయించును. వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు తమంత తాము దిగకుండ అమర్చుకొనవలెను.

3. ఎండలో తెర కనబడకుండుట: చౌక ఫోనుల తెరలకు వెలుగు తక్కువ. దుకాణములోని దీపము క్రింద తళతళలాడిన తెర, మిట్టమధ్యాహ్నము పొలములో నల్లని పలకవలె అగుపించును.

4. రంగులు మార్చుట: ఈ కెమెరాలు వస్తువును ఉన్నదానికంటె మెరుగుగా చూపును. అనకాపల్లి బెల్లమునకు ధర కట్టుటలో రంగు ముఖ్యము. ఫోటోలో బంగారు వన్నెగా కనబడిన దిమ్మ నిజముగా ముదురు రంగుదై యుండవచ్చును. కాబట్టి అమ్మువారు గాని, కొనువారు గాని ఫోటోను నమ్మి ధర ఖాయపరచుకొనరాదు. సరుకును పగటి వెలుగులో కంటితో చూచియే తేల్చుకొనవలెను.

5. ఆయుస్సు తక్కువ: ఆండ్రాయిడ్ వ్యవస్థకు సంవత్సరమునకొక క్రొత్త రకము వచ్చును. మధ్యమధ్య దొంగలు చొరబడు కన్నములను పూడ్చు మరమ్మతులు కూడ వచ్చును. వీనినే సెక్యూరిటీ అప్‌డేటులు అందురు. ఖరీదైన ఫోనులకు ఈ మరమ్మతులు చాల కాలము వచ్చును. చౌక ఫోనులకు కొలది సంవత్సరములకే ఆగిపోవును. ఆగిన తరువాత ఫోను పైకి బాగుగనే కనబడును గాని, తలుపు గడియ విరిగిన ఇల్లు వంటిది. యాప్‌లు కూడ ఒకటొకటిగా దానిని విడిచివేయును. 2025 జనవరి నుండి ఆండ్రాయిడ్ 4.4 రకము, అంతకు పాత ఫోనులలో వాట్సాప్ పని చేయుట మానినది.

6. తుపాను నాటి నిస్సహాయత: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. విద్యుచ్ఛక్తి పోయినది, టవరులు మూగబోయినవి. నగరములోను, చుట్టుపట్ల గ్రామములలోను అనేకులు దినముల తరబడి తమ వారితో మాటాడలేకపోయిరి. ఎంత మంచి ఫోనైనను టవరు లేనపుడు దీపము మాత్రమే. అందుచేత తుపాను హెచ్చరిక వచ్చిన నాడే ఫోనును నిండుగా ఛార్జి చేసికొనవలెను. ముఖ్యమైన నంబర్లను కాగితము మీద వ్రాసి, తడవకుండ సంచిలో పెట్టుకొనవలెను. ఇంటిలో మీటల ఫోను ఒకటి, బ్యాటరీ రేడియో ఒకటి ఉండుట శ్రేయస్కరము. ఫోను అమరికలలో అత్యవసర హెచ్చరికలను ఆపివేయరాదు. 2023లో దేశమంతట పెద్ద మ్రోతతో పరీక్షించి చూచిన హెచ్చరికలు ఇవియే.

నిజమైన ఖర్చు ఎంత?

ఎద్దును కొన్నవాడు దాని ధరను మాత్రమే లెక్కవేయడు. మేతను కూడ లెక్కవేయును. ఫోనునకు రీచార్జియే మేత. సాధారణముగా రీచార్జి గడువు 28 దినములు. దానిని నెల యని భ్రమపడరాదు. సంవత్సరమునకు పండ్రెండు కాదు, పదమూడు రీచార్జులు చేయవలసి యుండును.

ఒక రైతు 8,000 రూపాయలకు ఫోను కొని మూడు సంవత్సరములు వాడెననుకొందము. ఒక్కొక్క రీచార్జి 300 రూపాయలుగా లెక్కించిన ఖర్చు ఈ విధముగా నుండును:

ఫోను ధర – 8,000 రూపాయలు
రీచార్జులు (13 × 300 × 3 సంవత్సరములు) – 11,700 రూపాయలు
కవరు, అద్దము, చిన్న మరమ్మతులు – 1,300 రూపాయలు
మొత్తము – 21,000 రూపాయలు

అనగా సంవత్సరమునకు 7,000 రూపాయలు, నెలకు సుమారు 580 రూపాయలు. ఫోను ధర కంటె మేత ఖర్చే హెచ్చు. ఇపుడు మీ ఇంటి లెక్క మీరే వేసికొనుడు. నెలలో ఒక దినము బస్సు ఛార్జి, కూలి పోకుండ ఫోను కాపాడినదా? వాన సూచన చూచి మందు ఖర్చు మిగుల్చుకొంటిరా? రైతుబజారులో బేరము పెరిగినదా? ఔనన్నచో ఫోను తన మేతను తానే సంపాదించుకొన్నది. సినిమాలు, ఆటలతోనే కాలము గడచినచో అది పని చేయని ఎద్దు.

ఇంటిలో ప్రతివారికి ఇట్టి ఫోను అవసరము లేదు. మాటలకు మాత్రమే ఫోను వాడు పెద్దలకు మీటల ఫోను చాలును. అట్టివారి కొరకు ఇంటర్నెట్ లేని, మాటలకు సందేశములకు మాత్రమే పనికివచ్చు రీచార్జులను తప్పక అందుబాటులో ఉంచవలెనని ట్రాయ్ సంస్థ 2024 డిసెంబరులో నియమము చేసినది. దుకాణదారుని అడిగి అట్టి రీచార్జి చేయించుకొనవచ్చును. మీటల ఫోనుతో యు.పి.ఐ. చెల్లింపులు చేయు పద్ధతి కూడ 2022 మార్చి నుండి కలదు.

కొనునపుడు చేయవలసిన పరీక్షలు

ఎద్దు పండ్లు చూడక, నడిపించి చూడక కొనము. ఫోనును కూడ పరీక్షించియే కొనవలెను.

1. నిజమైన ర్యామ్ ఎంత అని అడుగవలెను. 4 జి.బి.కి తక్కువ కాకుండ, స్టోరేజి 64 జి.బి.కి తక్కువ కాకుండ తీసికొనుట మంచిది. 128 ఉన్నచో మరియు మేలు.
2. ఆండ్రాయిడ్ రకము ఎంత క్రొత్తది, సెక్యూరిటీ అప్‌డేటులు ఏ సంవత్సరము వరకు వచ్చును అని అడుగవలెను. చెప్పలేని దుకాణదారుని వద్ద తొందరపడరాదు.
3. ఫోనును దుకాణము వెలుపల ఎండలోనికి తెచ్చి తెరను చూడవలెను.
4. మీ గ్రామములో, మీ పొలము గట్టు మీద ఏ సంస్థ సిగ్నలు వచ్చునో ముందుగనే తెలిసికొనవలెను. నగరములో వచ్చిన సిగ్నలు పాడేరు, అరకు కొండలలో వచ్చునని అనుకొనరాదు.
5. బ్యాటరీ 5,000 ఎం.ఏ.హెచ్. ఉండవలెను. పెట్టెలో ఛార్జరు కలదో లేదో చూడవలెను; నేడు కొన్ని సంస్థలు ఛార్జరు ఇచ్చుట లేదు.
6. మరమ్మతు చేయు కేంద్రము విశాఖపట్నము, గాజువాక, అనకాపల్లి వంటి దగ్గరి పట్టణములలో కలదేమో విచారించవలెను.
7. బిల్లు తప్పక తీసికొనవలెను. బిల్లు మీద ఐ.ఎం.ఇ.ఐ. నంబరు వ్రాయించవలెను. ఫోనులో *#06# నొక్కినచో ఆ 15 అంకెల నంబరు కనబడును.
8. పాత ఫోను కొనువారు ఇది దొంగసొత్తు కాదని నిశ్చయించుకొనవలెను. ఇంగ్లీషులో కె, వై, ఎం అను మూడక్షరములు, ఖాళీ, తరువాత ఐ.ఎం.ఇ.ఐ. నంబరు వ్రాసి 14422కు సందేశము పంపినచో ఆ ఫోను వివరము వచ్చును. సంచార్ సాథీ ద్వారా కూడ తెలియును. మీ ఫోను పోయినచో పోలీసు ఫిర్యాదు చేసి, ఇతరులు వాడకుండ దానిని అందులోనే నిలుపుదల చేయించవచ్చును.
9. ‘వడ్డీ లేని వాయిదాలు’ అన్నపుడు రుసుములన్నియు కలిపి మొత్తమెంత చెల్లించవలెనో కాగితము మీద వ్రాయించుకొనవలెను.

మోసములు – జాగ్రత్తలు

రైతునకు ఫోను వలన కలుగు నష్టములన్నిటిలోను పెద్దది ఇదియే. తెర పగిలినచో వెయ్యి, రెండు వేలు పోవును. మోసపోయినచో ధాన్యము డబ్బంతయు ఒక్క గడియలో పోవును.

మొదటిది, ఏ.పి.కె. మోసము. పి.ఎం. కిసాన్ పేరిట గాని, బ్యాంకు పేరిట గాని, వాహనపు జరిమానా పేరిట గాని వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చును. దాని పేరు చివర ఏ.పి.కె. అను ఇంగ్లీషు అక్షరములుండును. తెలిసినవారి నంబరు నుండియే రావచ్చును; ఏలయన వారి ఫోను ముందే దొంగల వశమై యుండును. దానిని తెరచి, అడిగినదానికెల్ల సరేనని నొక్కినచో ఆ యాప్ మీ సందేశములను చదువ నారంభించును. బ్యాంకు పంపు ఓ.టి.పి. మీకంటె ముందు దొంగకు చేరును. కాబట్టి యాప్‌లను ప్లే స్టోరు నుండి మాత్రమే దించుకొనవలెను. వాట్సాప్‌లో వచ్చిన ఏ.పి.కె.ను ఎవరు పంపినను తెరువరాదు.

రెండవది, పిన్ మోసము. ‘మీకు డబ్బు పంపుచున్నాను, పిన్ కొట్టండి’ అని చెప్పుదురు. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అవసరము లేదు. పిన్ కొట్టుట అనగా మీ డబ్బు ఇచ్చుటయే. ఇది ఇంటిలోని ఆడవారికి, పిల్లలకు కూడ కంఠస్థము చేయించవలెను.

మూడవది, బొమ్మ చూపు మోసము. రైతుబజారు రద్దీలో ‘చెల్లించితిని’ అని తన ఫోను తెరను చూపి పోవువారుందురు. ఎదుటివారి తెరను నమ్మరాదు. మీ ఫోనులో జమ చూచుకొనిన తరువాతనే, లేక మీ పలుకు పెట్టె చెప్పిన తరువాతనే సరుకు ఇవ్వవలెను.

నాలుగవది, అప్పు యాప్‌లు. అడిగిన వెంటనే అప్పు ఇచ్చి, మీ ఫోనులోని నంబర్లను, ఫోటోలను లాగుకొని, తరువాత బంధువులకు ఫోనులు చేసి పరువు తీయుదురు. పంట అప్పు కొరకు బ్యాంకునకో, సహకార సంఘమునకో పోవలెను గాని ఊరు పేరు లేని యాప్ వద్దకు పోరాదు.

వీనికన్నిటికిని మూడు మందులు కలవు. ఒకటి: ధాన్యము డబ్బు, పంట అప్పు జమయగు ఖాతాను ఫోను చెల్లింపులకు తగిలించరాదు. వేరుగా ఒక చిన్న ఖాతా తెరచి, అందులో వారమునకు సరిపడు పైకము మాత్రమే ఉంచవలెను. రెండు: డబ్బును గూర్చి ఫోనులో ఏ క్రొత్త మాట వచ్చినను, ఎంత తొందరపెట్టినను, ఇంటిలోనో అరుగు మీదనో మరియొకరికి చెప్పి, విని, ఆ తరువాతనే చేయవలెను. మోసగాడు ‘ఎవరికి చెప్పవద్దు’ అనుట, ‘ఇప్పుడే చేయవలె’ ననుట తప్పదు. ఆ రెండు మాటలే వానిని పట్టియిచ్చు గుర్తులు. మూడు: మోసము జరిగిన వెంటనే, సిగ్గుపడి దాచక, 1930 నంబరుకు ఫోను చేసి, తమ బ్యాంకునకు కూడ తెలుపవలెను. దొంగలు డబ్బును ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు త్వరత్వరగా మార్చుచుందురు. ఎంత త్వరగా తెలిపిన అంతగా దానిని మధ్యలో ఆపు అవకాశముండును. తెల్లవారిన తరువాత చూతమనుకొనరాదు.

ఫోను పోషణ

ఫోనును ట్రాక్టరు మీద, మోటారు సైకిలు ట్యాంకు మీద ఎండలో ఉంచరాదు. వేడి బ్యాటరీని చంపును. మందు చల్లిన చేతులతో ఫోనును ముట్టరాదు; ఆ విషము తెర నుండి చెవికి, నోటికి, పిల్లల చేతులకు చేరును. సబ్బుతో చేతులు కడిగికొనిన తరువాతనే తీయవలెను. భీమునిపట్నము, పూడిమడక వంటి తీర గ్రామములలో ఉప్పుగాలికి ఛార్జి రంధ్రము త్రుప్పు పట్టును; తడి చేతితో ఛార్జి పెట్టరాదు. ఫోను నీటిలో పడినచో వెంటనే ఆపివేసి, తుడిచి, గాలికి ఆరబెట్టవలెను. బాగుగా ఆరువరకు ఛార్జి పెట్టరాదు. బియ్యములో పూడ్చుట వలన ప్రయోజనము లేదు. దుమ్ము లోపలికి పోవును. ఉబ్బిన బ్యాటరీని ఒక్క దినము కూడ వాడరాదు.

గ్రామోద్యోగులకు ఒక మాట

ఫోను లేని రైతు కూడ రైతే. ఈ-పంట జాబితాను ఫోనులో పంపినంత మాత్రమున పని ముగిసినదని తలపక, రైతు సేవా కేంద్రపు గోడ మీద కూడ అంటించి, చదువురాని వారికి చదివి వినిపించవలెను. రైతునుండి ఓ.టి.పి. తీసికొనవలసి వచ్చినపుడు అది దేనికో ముందు చెప్పి, సందేశమును అతనికి చదివి వినిపించి, తరువాతనే తీసికొనవలెను. అడిగిన ప్రతివారికి ఓ.టి.పి. చెప్పు అలవాటును మనమే నేర్పినచో, రేపు దొంగకు కూడ చెప్పును. తుపాను హెచ్చరిక వచ్చినపుడు వాట్సాప్‌లో పంపి ఊరకుండక దండోరా కూడ వేయించవలెను. నెలకొకసారి గ్రామసభలో ఆ నెల వచ్చిన మోసపు సందేశములను చదివి వినిపించినచో ఎంతో మేలు కలుగును.

చౌక ఫోను చెడ్డది కాదు. అవసరమెరిగి కొని, మేత లెక్క చూచి, లోపమెరిగి వాడినచో చిన్న రైతునకు అది కొడవలి, నాగలి వలె అక్కరకు వచ్చును. అయితే పూర్వము పంచాయతీ రేడియో చుట్టూ చేరినట్లు, నేడు కూడ ఫోనులో వచ్చిన మాటను నలుగురిలో పెట్టుట మరువరాదు. ఈ సాయంకాలము ఇంటికి పోయి, మీ ఫోనులో సెక్యూరిటీ అప్‌డేటు తేదీ ఏమున్నదో చూడుడు. 1930 నంబరును గోడ మీద సుద్దతో వ్రాసి, ఇంటిల్లిపాదికి చూపుడు.